న్యూయార్క్ ధర నుంచి జెండా పాట దాకా: పత్తి ఎగుమతి లెక్క మనమే వేసుకోవడం ఎలా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున్నే వేలంలో వినిపించే జెండా పాట ఆ రోజు మార్కెట్లో పలికే గరిష్ఠ ధరను చెబుతుంది గానీ, ఆ ధర ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. నిన్నటి కంటే రెండు వందలు ఎందుకు తగ్గిందని అడిగితే 'అంతర్జాతీయ మార్కెట్ పడింది' అనే జవాబు వస్తుంది. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే సాధనం లేక రైతు తలవంచి తూకానికి ఒప్పుకుంటున్నాడు. నిజానికి ఆ సాధనం ఒక చిన్న లెక్క. న్యూయార్క్‌లో పౌండుకు సెంట్లలో పలికే దూది ధరను మన క్వింటాలు పత్తికి రూపాయల్లోకి మార్చుకోవడం పదో తరగతి చదివిన వారెవరికైనా సాధ్యమే. పత్తి రైతులు, రైతు ఉత్పత్తిదారుల సంస్థల డైరెక్టర్లు, కొత్తగా ఎగుమతి చేద్దామనుకుంటున్న చిన్న జిన్నింగ్ మిల్లుల వారు ఆ లెక్కను స్వయంగా వేసుకోవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. పంటను ఎగుమతికి తగినట్టు ఎలా సిద్ధం చేయాలో, సరుకును ఓడ ఎక్కించే దారి ఏమిటో కూడా ఆ లెక్కతో పాటే వస్తాయి.

ముందు కొలతలు

చేలో ఏరిన పత్తినీ, గింజ తీసిన దూదినీ మనం మాటల్లో 'పత్తి' అనే అంటాం. వ్యాపారంలో ఈ రెండూ వేర్వేరు సరుకులు. అంతర్జాతీయంగా చేతులు మారేది దూది మాత్రమే. అందువల్ల ఈ వ్యాసంలో గింజతో ఉన్నదాన్ని పత్తి అనీ, జిన్నింగ్ తర్వాత వచ్చేదాన్ని దూది అనీ వాడుతున్నాను. పత్తి ధర మన మార్కెట్లలో క్వింటాలుకు చెబుతారు. మన దేశపు దూది వ్యాపారంలో ధర కాండీకి చెబుతారు. ఒక కాండీ 355.62 కిలోలు. మన మిల్లులు కట్టే బేలు 170 కిలోలు. అమెరికా లెక్కల్లో కనిపించే బేలు 480 పౌండ్లు, అంటే సుమారు 218 కిలోలు. కాబట్టి పత్రికల్లో 'ఇన్ని లక్షల బేళ్లు' అని చదివినప్పుడు అవి ఎవరి బేళ్లో చూసుకోకపోతే లెక్క నాలుగో వంతు తప్పుతుంది. కిలోకు 2.2046 పౌండ్లు అన్న అంకె ఒక్కటి గుర్తుంటే మిగిలిన మార్పిడులన్నీ చేసుకోవచ్చు.

ఏ ధరను చూడాలి

ప్రపంచమంతా చూసే ధరలు రెండు. మొదటిది న్యూయార్క్‌లోని ఐసీఈ ఎక్స్ఛేంజ్ కాటన్ నంబర్ 2 ఫ్యూచర్స్ ధర, అంటే రాబోయే నెలల్లో అప్పగించే దూదికి ఇప్పుడే కుదుర్చుకునే ధర. ఇది పౌండుకు సెంట్లలో ఉంటుంది; ఒక్కో కాంట్రాక్టు 50,000 పౌండ్లది; మార్చి, మే, జూలై, అక్టోబరు, డిసెంబరు నెలల పేర్లతో నడుస్తుంది. మన కొత్త పంట మార్కెట్‌కు వచ్చే అక్టోబరు, నవంబరులలో డిసెంబరు కాంట్రాక్టునూ, సంక్రాంతి ప్రాంతంలో మార్చి కాంట్రాక్టునూ చూడటం మంచిది. రెండోది కాట్‌లుక్ ఎ ఇండెక్స్. వివిధ దేశాల దూదిని తూర్పు ఆసియా రేవులకు చేర్చి ఇచ్చే ధరల్లో అతి చౌకైన ఐదింటి సగటు ఇది. ఓడ కిరాయి కూడా ఇందులో కలిసే ఉంటుంది. గాలి ఏ దిక్కుకు వీస్తోందో తెలుసుకోవడానికి మొదటిది, మన సరుకుకు విదేశీ రేవులో పలకగల ధరను అంచనా వేయడానికి రెండోది పనికొస్తాయి. ఐసీఈ ధరనే నేరుగా మన క్వింటాలుకు అన్వయించడం చాలామంది చేసే పొరపాటు. అది అమెరికా గోదాముల్లో అప్పగించే దూది ధర కాబట్టి, సాధారణంగా ఎ ఇండెక్స్ దానికంటే పైన ఉంటుంది.

వీటితో పాటు డాలరుకు రూపాయి మారకం విలువ, స్థానికంగా పత్తి గింజల ధర కావాలి. గింజల ధరను జిన్నింగ్ మిల్లులోనే అడగవచ్చు. దీన్ని తేలికగా తీసుకోవద్దు. క్వింటాలు పత్తిలో బరువు ప్రకారం మూడింట రెండు వంతులు గింజే. గింజల నూనె, నూనె తీశాక మిగిలే చెక్క ధరలు పెరిగితే దూది ధర కదలకపోయినా పత్తి ధర పెరగాలి.

లెక్క

ఇక్కడ వాడుతున్న ధరలు లెక్క చూపడానికి తీసుకున్నవి. మీరు చదివే నాటి ధరలు వాటి స్థానంలో వేసుకోండి. ఎ ఇండెక్స్ పౌండుకు 76 సెంట్లు, డాలరు 88 రూపాయలు అనుకుందాం. 76ను 2.2046తో గుణిస్తే కిలోకు 167.55 సెంట్లు. దాన్ని రూపాయల్లోకి మారిస్తే కిలో దూది సుమారు 147 రూపాయల 44 పైసలు, కాండీ సుమారు 52,430 రూపాయలు. ఇది విదేశీ రేవులో ధర. ఇందులోంచి మిల్లు నుంచి రేవుకు లారీ కిరాయి, కంటైనర్, ఓడ కిరాయి, బ్యాంకు ఖర్చులు, వడ్డీ తీసివేయాలి. కాండీకి 2,500 రూపాయలు తీసేస్తే మిల్లు గేటు దగ్గర దూది కాండీ 49,930 రూపాయల దరిదాపుకు, అంటే కిలో 140 రూపాయల 40 పైసలకు వస్తుంది.

ఇప్పుడు క్వింటాలు పత్తికి వద్దాం. జిన్నింగ్‌లో 34 కిలోల దూది, 63 కిలోల గింజలు వచ్చి 3 కిలోలు తరుగు పోయిందనుకోండి. 34 కిలోల దూదికి 4,774 రూపాయలు, గింజలు కిలో 35 రూపాయల చొప్పున 2,205 రూపాయలు, మొత్తం 6,979. జిన్నింగ్, ప్రెస్సింగ్, మార్కెట్ ఖర్చులు, మిల్లు యజమాని లాభం కలిపి 400 తీసేస్తే 6,580 రూపాయల దగ్గర ఆగుతుంది. ఎగుమతిదారు నష్టపోకుండా రైతుకు ఇవ్వగల ధర అంతే. 2025–26లో పొడవు పింజ (దూది పోగు) పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 8,110 రూపాయలు, మధ్యస్థ పింజకు 7,710 రూపాయలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అలాంటి రోజుల్లో ప్రైవేటు వ్యాపారి ఎందుకు వెనక్కి తగ్గుతాడో, మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ (సీసీఐ) కేంద్రాల ముందు ట్రాక్టర్లు ఎందుకు బారులు తీరతాయో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. లెక్క మద్దతు ధర కంటే కింద తేలిన వారంలో ఎగుమతి ఆలోచన పక్కన పెట్టి, ఆ సంస్థకు అమ్ముకోవడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకోవడమే సరైన నిర్ణయం. దీనికి పూర్తిగా తిరగబడిన పరిస్థితి 2022లో వచ్చింది. గుజరాత్ శంకర్-6 రకం దూది కాండీ లక్ష రూపాయలు దాటింది. అప్పుడు మద్దతు ధర ఊసే ఎవరికీ గుర్తులేదు.

ఈ లెక్కను ఒకసారి వేశాక, ఏది ఎంత కదిలితే మన ధర ఎంత మారాలో కూడా తెలుస్తుంది. పై ఉదాహరణలో అంతర్జాతీయ ధర పౌండుకు ఒక్క సెంటు మారితే క్వింటాలు పత్తికి సుమారు 66 రూపాయలు మారాలి. డాలరు విలువ ఒక్క రూపాయి మారితే 57 రూపాయలు మారాలి. గింజల ధర కిలోకు ఒక రూపాయి మారితే 63 రూపాయలు. న్యూయార్క్‌లో ధర ఒక సెంటు తగ్గిందని చెప్పి మార్కెట్‌లో 300 తగ్గించినప్పుడు, మిగిలిన 234 రూపాయలకు కారణం ఏమిటని అడిగే హక్కు మీకు ఈ అంకెలతో వస్తుంది. సమాధానం గింజల ధరలోనో, తేమలోనో నిజంగానే ఉండవచ్చు. అప్పుడు కూడా అడిగి తెలుసుకున్నదే అవుతుంది.

ఒక మాట జోడించాలి. మన దూది చాలాసార్లు ఇండెక్స్ కంటే తక్కువకే అమ్ముడవుతుంది, కాబట్టి పై లెక్కలో ఆ తేడా కూడా తీసివేయాలి. ఈ తేడా మన నేల వల్ల వచ్చినది కాదు, చాలావరకు మన చేతుల వల్ల వచ్చినది.

చేలో నుంచే ఎగుమతి మొదలవుతుంది

కొనే నూలు మిల్లు దూదిని యంత్రం మీద పరీక్షించి పింజ పొడవు, మైక్రోనేర్, బలం, రంగు, చెత్త చూస్తుంది. మైక్రోనేర్ అంటే పింజ ఎంత సన్నగా, ఎంత పక్వంగా ఉందో చెప్పే కొలత, 3.5 నుంచి 4.9 మధ్య ఉంటే వ్యాపారంలో ఒప్పుకుంటారు. అంతకంటే తక్కువైతే పింజ పక్వానికి రాలేదని, ఎక్కువైతే ముతకగా ఉందని అర్థం. మనకు పూర్తి మద్దతు ధర రావాలన్నా 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్ల పింజ, 3.5 నుంచి 4.3 మైక్రోనేర్ ఉండాలి. ఈ గుణాలు విత్తనం, నేల, నీటి వల్ల చాలావరకు ముందే నిర్ణయమవుతాయి. మిగిలినది ఏరే తీరులో, నిల్వ చేసే తీరులో ఉంది.

మంచు ఆరిన తర్వాతే ఏరాలి. పూర్తిగా విచ్చుకున్న కాయల్లోని పత్తినే తీయాలి. సగం విచ్చిన కాయను లాగితే తొడిమ, ఎండాకు వెంట వస్తాయి. మొదటి, రెండో తీతల పత్తిని చివరి తీతతో కలపకూడదు. గులాబీ రంగు పురుగు తిన్న గుడ్డికాయల పత్తిని అసలు ఇంట్లో కూడా పక్కపక్కన పోయకూడదు. పది క్వింటాళ్ల మంచి పత్తిలో ఒక్క క్వింటాలు గుడ్డి పత్తి కలిస్తే, వ్యాపారి పదకొండు క్వింటాళ్లకూ గుడ్డి పత్తి ధరే కడతాడు. ఏరిన రోజే వేరు చేయడం కూలీ ఖర్చు పెంచుతుందన్న మాట నిజం. అయినా ఆ ఖర్చు క్వింటాలుకు కోల్పోయే దానికంటే తక్కువే.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ప్లాస్టిక్. ఎరువుల సంచుల్లో పత్తి నింపి, నైలాన్ తాడుతో మూతి కట్టి, మార్కెట్‌లో కత్తితో కోసినప్పుడు రాలే సన్నని పోగులు దూదిలో కలిసిపోతాయి. జిన్నింగ్ యంత్రం వాటిని వేరు చేయలేదు. నూలు వడికేటప్పుడూ కనిపించవు. గుడ్డ నేసి రంగు అద్దినప్పుడు మాత్రం, ప్లాస్టిక్ పోగుకు రంగు పట్టదు కాబట్టి, తెల్లని గీతగా బయటపడతాయి. ఆ థాను మొత్తం తిరస్కరణకు గురవుతుంది. తల వెంట్రుకలు, గుట్కా పొట్లాలు, రంగు నూలు పోగులు కూడా ఇదే నష్టం చేస్తాయి. విదేశీ మిల్లులు మన దూదికి ధర తగ్గించి అడగడానికి ఇదే పెద్ద కారణం. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు: పత్తి తీసే ఆడవాళ్లకు తలగుడ్డలు, పాత చీరలతో కుట్టిన గుడ్డ సంచులు, ఆరబోయడానికి నూలు దుప్పట్లు. ఊరిలో ఇరవై మంది రైతులు కలిసి ఈ ఒక్క నియమం పాటిస్తే, ఆ పత్తిని విడిగా జిన్నింగ్ చేయించి విడిగా అమ్ముకోవచ్చు. భారత పత్తి సంస్థ, నూలు వస్త్రాల ఎగుమతి ప్రోత్సాహక మండలి అయిన టెక్స్‌ప్రోసిల్ కలిసి నడుపుతున్న కస్తూరి కాటన్ భారత్ గుర్తింపు కూడా ఇలా జాడ తెలిసిన, శుభ్రమైన దూదికే దక్కుతుంది.

ఎంత ఆరబెడితే అంత లాభమని తేమ గురించి ఒక అపోహ ఉంది. మద్దతు ధర 8 శాతం తేమకు వర్తిస్తుంది. ఆ పైన ప్రతి ఒక్క శాతానికీ ధరలో ఒక శాతం, అంటే 8,110 మీద 81 రూపాయల 10 పైసలు తగ్గిస్తారు. 12 శాతం దాటితే కొనరు. 12 శాతం తేమతో క్వింటాలు పత్తి తెస్తే 7,785 రూపాయల 60 పైసలు వస్తాయి. అదే పత్తిని 8 శాతానికి ఆరబెడితే బరువు 95.65 కిలోలకు తగ్గి, పూర్తి ధర మీద సుమారు 7,757 రూపాయలు వస్తాయి. రెండూ దాదాపు సమానమే. అంటే 12కీ 8కీ మధ్య ఆరబెట్టినందువల్ల వచ్చే లాభం లేదు. 13 శాతంతో వెళ్లి వెనక్కి తిరిగి రావడంలోనే అసలు నష్టం. ట్రాక్టర్ కిరాయి పోతుంది, స్లాట్ పోతుంది, తిరుగుదారిలో దళారీ చెప్పిన ధరకు ఇచ్చేయాల్సి వస్తుంది. అందుకని ఊరికి ఒక తేమ కొలిచే యంత్రం కొనుక్కోవడం రైతు సంఘం పెట్టగల మంచి ఖర్చుల్లో ఒకటి. ఎగుమతి దూదికి మాత్రం ఆరడం తప్పనిసరి. తేమతో బేలు కడితే ఓడలో గడిపే వారాల్లో లోపల రంగు మారుతుంది.

దూది శాతం కూడా తెలుసుకొని ఉండాలి. కుప్పలో పది చోట్ల నుంచి గుప్పెడు చొప్పున తీసి, కిలో పత్తిని చిన్న జిన్నింగ్ యంత్రం మీద ఆడించి దూదిని తూచండి. 340 గ్రాములు వస్తే 34 శాతం. పై ధరల ప్రకారం ఒక్క శాతం పెరిగితే, కిలో గింజ స్థానంలో కిలో దూది వస్తుంది కాబట్టి, క్వింటాలుకు 105 రూపాయలు ఎక్కువ విలువ ఉన్నట్టు. 36 శాతం దూది ఇచ్చే పత్తిని 33 శాతం పత్తి ధరకు అమ్మిన రైతు క్వింటాలుకు మూడు వందలకు పైగా వదిలేసినట్టే. మన మార్కెట్లలో దీన్ని కంటితో చూసి ధర కడుతున్నారు. ఇది మారాలి.

ఓడ దాకా దారి

ఒక రైతు ఒంటరిగా ఎగుమతి చేయడం కుదరదు. నలభై అడుగుల కంటైనర్‌లో సుమారు 150 బేళ్లు, అంటే 25 టన్నుల పైచిలుకు దూది పడుతుంది. దానికి 34 శాతం చొప్పున 750 క్వింటాళ్ల పత్తి కావాలి. ఎకరాకు 8 క్వింటాళ్లు అనుకుంటే దాదాపు 94 ఎకరాల పంట. ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థకు ఇది పెద్ద లెక్క కాదు. సొంత జిన్నింగ్ మిల్లు అవసరం లేదు. కూలి ప్రాతిపదికన ఆడించుకొని బేళ్లు కట్టించవచ్చు. అయితే మీ పత్తికి ముందు యంత్రాన్ని శుభ్రం చేయాలని, ప్రతి బేలుకూ నంబరు వేసి నమూనా తీయాలని ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

రిజిస్ట్రేషన్లలో మొదటిది విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే ఎగుమతి దిగుమతి కోడ్. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, రుసుము 500 రూపాయలు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలను సరిచూసి ధ్రువీకరించకపోతే కోడ్ పనిచేయడం ఆగిపోతుంది. వ్యవసాయ ఎగుమతి అనగానే అందరూ వ్యవసాయ ఉత్పత్తుల ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ అపెడా దగ్గరికి వెళతారు. దూదికి సంబంధించిన మండలి ముంబైలోని టెక్స్‌ప్రోసిల్. సభ్యత్వ పత్రం అక్కడ తీసుకోవాలి. సేంద్రియ పత్తి అయితే మాత్రం సేంద్రియ ధ్రువీకరణ విధానం అపెడా చూస్తుంది. ఐజీఎస్టీ ముందుగా కట్టకుండా పంపడానికి జీఎస్టీ పోర్టల్‌లో ఏటా హామీ పత్రం దాఖలు చేయాలి. బ్యాంకు శాఖ కోడ్‌ను కస్టమ్స్‌లో నమోదు చేయించాలి. షిప్పింగ్ బిల్లులో గింజ తీసిన, ఏకని దూది 5201 శీర్షిక కింద వస్తుంది. సరుకుతో పాటు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ జాబితా, ఓడ రశీదు, పుట్టుక ధ్రువపత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, పరీక్షా నివేదిక వెళ్లాలి. మనవాళ్లకు దగ్గరి రేవులు విశాఖపట్నం, చెన్నై. మన దూదిని ఎక్కువగా కొనే దేశం బంగ్లాదేశ్. అక్కడికి పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ సరిహద్దు మీదుగా లారీల్లో కూడా వెళుతుంది.

అసలు జాగ్రత్త కాంట్రాక్టు దగ్గర కావాలి. ప్రపంచ దూది వ్యాపారం చాలావరకు లివర్‌పూల్‌లోని అంతర్జాతీయ కాటన్ అసోసియేషన్ నియమాల మీద నడుస్తుంది. ఆ సంస్థ పుట్టింది 1841లో. కాంట్రాక్టులో 'లివర్‌పూల్ నియమాలు వర్తిస్తాయి' అన్న ఒక్క వాక్యం ఉంటే, తగాదా వచ్చినప్పుడు మన ఊరి కోర్టు గాక అక్కడి మధ్యవర్తులు తీర్పు చెబుతారు. ఆ నియమాల ప్రకారం, ధర పెరిగిందని సరుకు పంపకపోయినంత మాత్రాన కాంట్రాక్టు రద్దు కాదు. ఆ నాటి మార్కెట్ ధరకూ ఒప్పుకున్న ధరకూ తేడాను చెల్లించాలి. పెరిగిన ధర చూసి మాట తప్పిన మన ఎగుమతిదారులు కొందరు ఇలా చిక్కుకున్నారు. తీర్పు పాటించని సంస్థల పేర్లను ఆ అసోసియేషన్ జాబితాగా ప్రచురిస్తుంది. కాబట్టి కొనే సంస్థ పేరు ఆ జాబితాలో ఉందేమో చూడకుండా సంతకం పెట్టకూడదు. బరువు ఎక్కించినప్పటిదా, దింపినప్పటిదా. నాణ్యత ఏ ప్రయోగశాల నివేదిక ప్రకారం. ఏ నెలలో ఓడ ఎక్కించాలి. బరువులో ఎంత శాతం తేడాను ఒప్పుకుంటారు అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. మొదటి రెండు మూడు సరుకులకు, మన బ్యాంకు పరిశీలించిన లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవారి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) లేకుండా పంపవద్దు. లెటర్‌లో రాసిన పేరు, పరిమాణం, తేదీలకూ మీ కాగితాలకూ మధ్య ఒక్క అక్షరం తేడా ఉన్నా చెల్లింపు ఆగుతుంది.

ఢిల్లీ, వాషింగ్టన్ నిర్ణయాలు

ఎంత బాగా లెక్క వేసినా ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో అది మారిపోవచ్చు. 2010 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం దూది ఎగుమతుల నమోదును ఆపేసింది. 2012 మార్చి 5న ఎగుమతులను నిషేధించి, వారం తిరిగేలోగా వెనక్కి తగ్గింది. 2021 ఫిబ్రవరిలో దిగుమతి దూది మీద 11 శాతం సుంకం పడింది. 2025 ఆగస్టు 19 నుంచి ఆ ఏడాది చివరి వరకు దాన్ని ఎత్తివేశారు. సుంకం లేనప్పుడు విదేశీ దూది చౌకగా వచ్చి మన మిల్లుల కొనుగోళ్లు తగ్గుతాయి. అందువల్ల కొత్త పంట చేతికొచ్చే నెలల్లో ఇలాంటి ఉత్తర్వు రావడం రైతుకు నేరుగా దెబ్బ. 2011–12లో 130 లక్షల బేళ్ల దరిదాపున ఎగుమతి చేసిన దేశం, 2024–25లో ఎగుమతి కంటే దిగుమతి ఎక్కువ చేసుకునే స్థితికి వచ్చింది. హెక్టారుకు మన దూది దిగుబడి 450 కిలోల దగ్గరే ఆగిపోయి ఉండటం దీనికి ముఖ్య కారణం.

అంతర్జాతీయ ధర కూడా స్వచ్ఛమైన పోటీలో పుట్టినదేమీ కాదు. అమెరికా తన పత్తి రైతులకిచ్చే రాయితీలు ప్రపంచ ధరను కిందికి నొక్కుతున్నాయని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి గెలిచింది. 2014లో 30 కోట్ల డాలర్లు తీసుకొని వివాదాన్ని ముగించుకుంది. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు ఇదే అన్యాయం గురించి 2003 నుంచి మొరపెట్టుకుంటూనే ఉన్నాయి. మన క్వింటాలుకు 6,580 అని తేలిన లెక్కలో ఆ రాయితీల బరువు కూడా ఉంది. మద్దతు ధరను దయాదానంగా మాట్లాడేవారు ఈ సంగతి గమనించాలి.

కాంట్రాక్టులో ప్రభుత్వ నిషేధం వస్తే ఏం చేయాలో ఒక షరతు తప్పక రాయించుకోండి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నోటిఫికేషన్లను సీజన్‌లో వారం వారం చూడండి. ఒక నోటుబుక్కులో ప్రతి శుక్రవారం ఎ ఇండెక్స్, డాలరు విలువ, గింజల ధర, మీ లెక్కలో తేలిన క్వింటాలు ధర, ఆ రోజు జెండా పాట, మీ ఊరి రైతుకు నిజంగా చేతికొచ్చిన ధర అన్న ఆరు వరుసలు గీసి రాసుకోండి. ఒక్క సీజన్ గడిస్తే చివరి మూడు వరుసల మధ్య తేడా మీ మార్కెట్‌లో సాధారణంగా ఎంత ఉంటుందో తెలుస్తుంది. అది మామూలు కంటే బాగా పెరిగిన వారం అమ్మకం ఆపి, తేమ, దూది శాతం మళ్లీ చూపించి, పక్క మార్కెట్ ధర అడిగి, ఆ తర్వాతే బండి కట్టండి.